ఆటకు కుట్టిన వస్త్రము

2004వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒక బాలిక నెట్‌బాల్ ఆడవలెనని ముచ్చటపడినది. నెట్‌బాల్ మనము ఎరిగిన బాస్కెట్‌బాల్‌కు చెల్లెలు వంటి ఆట. ఆ దేశమున ఆడపిల్లలు మిక్కిలి మక్కువతో ఆడుదురు. ఈ బాలిక ముస్లిం కుటుంబమునకు చెందినది. తలకు వస్త్రము చుట్టుకొని ఆడెదనన్న పిల్లను చేర్చుకొనుటకు మొదట సంశయించినారు. తల్లి పట్టు విడువక వాదించి అనుమతి సంపాదించినది. తొలి ఆటనాడు పిల్లను ఉత్సాహపరచుటకు ఇంటివారందరు తరలివచ్చిరి. తీరా చూడగా, పిల్ల ఒంటిమీద జట్టు చొక్కా, దాని లోపల మణికట్టుల వరకు బిగుతుగా ఉన్న మరియొక చొక్కా, కాళ్లకు పొడుగు లాగు, తలకును మెడకును చుట్టిన గుడ్డ. ఇన్నింటితో పరుగెత్తి పరుగెత్తి ఆమె ముఖము పండిన టమాటోవలె ఎర్రబారినది.

చూడవచ్చినవారిలో ఆ పిల్ల తల్లికి తోబుట్టువు ఒకతె ఉన్నది. ఆమె పేరు అహేదా జానెటీ. లెబనాన్ దేశమున పుట్టి, పసితనముననే ఆస్ట్రేలియాకు వచ్చి పెరిగినది. చిన్ననాడు తానును ఇట్లే దుస్తుల కారణముగా ఆటలకు దూరమైనది. ఆనాడు ఇంటికి వచ్చి, ముస్లిం బాలికలు ఆడుకొనుటకు తగిన దుస్తులు ఎక్కడనైన దొరకునేమో అని వెదకినది. దొరకలేదు. ఆటలకు దుస్తులున్నవి, మర్యాదకు దుస్తులున్నవి, రెండును కలిసినవి లేవు. అప్పుడామె గుడ్డ పరచి కత్తెర పట్టుకొన్నది.

ఈ వ్యాసమునకు కథానాయిక ఆ కత్తెరయే అని చెప్పవచ్చును. తలగుడ్డను గూర్చి వాదించినవారు లోకమున కోకొల్లలు. మతపెద్దలు, మంత్రులు, నగరాధ్యక్షులు, న్యాయమూర్తులు, పత్రికారచయితలు, అందరును "ఈ గుడ్డకు అర్థమేమి?" అని అడిగినవారే. "ఈ గుడ్డతో ఈ పిల్ల పరుగెత్తుట ఎట్లు?" అని అడిగినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ కొద్దిమందిలో ఒకరిద్దరు అప్పటికింకను విద్యార్థినులు.

ముందుగా మాటల సంగతి కొంచెము తేల్చుకొనుట మంచిది. ఘోషా అన్నను, పరదా అన్నను, బురఖా అన్నను తెలుగువారికి ఒకటే. కాని వీని పుట్టుకలు వేరు. పారసీకమున 'గోషా' శబ్దమునకు మూల, ఏకాంతస్థలము అని అర్థము. మూలన కూర్చుండుట అను భావమే మన ఘోషా. విశాఖపట్టణమున విక్టోరియా ఆసుపత్రిని జనులు ఘోషా ఆసుపత్రి అని వ్యవహరించుటను బట్టి ఆ మాట మన నాలుకపై ఎంతగా పాతుకొన్నదో తెలియును. పరదా అనగా తెర. అరబ్బీ భాషలోని హిజాబ్ శబ్దమునకును మొదటి అర్థము తెర, అడ్డు అనియే. నేడది తలను మెడను కప్పి ముఖమును విడిచిపెట్టు వస్త్రమునకు రూఢియైనది. బురఖా ముఖమును గూడ కప్పును. అబాయా భుజములనుండి పాదములవరకు జారెడి వదులైన అంగీ. ఇక్కడ ప్రసక్తమైనది హిజాబ్ మాత్రమే. ముఖము కప్పుకొనుటను గూర్చిన చర్చ వేరు, దాని న్యాయాన్యాయములు వేరు.

ఖురాను 24వ అధ్యాయమున ఈ విషయమై రెండు వాక్యములు వరుసగా వచ్చును. మొదటిది పురుషులను ఉద్దేశించినది. చూపులు దించుకొని శీలము కాపాడుకొనుడని దాని భావము. తరువాతి వాక్యము స్త్రీలకు అదే ఉపదేశము చేసి, తలవస్త్రమును రొమ్ముమీదికి కప్పుకొనవలెనని చెప్పును. రెండవదానిపై జరిగినంత చర్చ మొదటిదానిపై జరిగినట్లు కనబడదు. అది అట్లుండనిండు. ఎంతవరకు కప్పవలెనన్న విషయమున వ్యాఖ్యాతలలో భేదాభిప్రాయములున్నవి. గుడ్డ ఏది, కోత ఏది, కుట్టు ఏది అను సంగతిని మాత్రము గ్రంథము నిర్ణయింపలేదు. దర్జీకి చోటు దొరకినది అక్కడనే.

నిజమునకు మర్యాదకును చలనమునకును సంధి కుదుర్చుట క్రొత్త విద్య కాదు. మన పల్లెలలో నాట్లు వేయుటకు బురదలో దిగు స్త్రీ చీర కుచ్చెళ్లను వెనుకకు తీసి గోచి దోపుకొనును. పైటను నడుమునకు బిగించును. మోకాళ్లకు అడ్డుపడని కట్టు, వంగినను జారని పైట. ఈ రెండును ఎవరును బడిలో నేర్పకయే ఆమెకు తెలిసినవి. జానెటీ ఎదుర్కొన్న చిక్కును ఆ కూలిస్త్రీకి చెప్పినచో ఒక్క నిమిషమున గ్రహించియుండును.

మామూలు హిజాబ్ ఒక చతురస్రపు గుడ్డ, లేదా కండువా వంటి పొడుగుపాటి గుడ్డ. దానిని తలచుట్టు త్రిప్పి గుండుసూదులతో నిలుపుదురు. కూర్చుండి చదువుకొనుటకు, వీధిలో నడచుటకు అది చక్కగనే ఉండును. పరుగెత్తినప్పుడు జారును. సూది ఊడినచో గ్రుచ్చుకొనును. గుడ్డ కొస ఎదుటివారి చేతికి చిక్కినచో మెడకు బిగియును. చెవులు మూసికొనిపోయి తోటి ఆటగత్తెల కేకలు వినబడవు. చెమట పట్టి బరువెక్కును. జానెటీ మొదట తయారుచేసిన తొడుగునకు హిజాబ్, హుడ్ అను రెండు మాటలను కలిపి 'హిజూడ్' అని పేరు పెట్టినది. చుట్టుకొనవలసినదానిని తొడుగుకొనదగినదానిగా మార్చుటయే అందలి కిటుకు. వినుటకిది చిన్నవిషయమే. కాని చుట్టిన గుడ్డ ఎప్పుడును చేతిని పిలుచుచునే ఉండును. సరిచేసుకొనుటకు ఒక చేయి దానికే అంకితము. తొడిగినది చేతులను విడిచిపెట్టును. బంతి పట్టవలసిన పిల్లకు రెండు చేతులును కావలెను గదా.

నీటి సంగతి మరింత కఠినము. నూలుగుడ్డ నీటిని త్రాగును. వస్త్రశాస్త్రపు లెక్కలలో, మామూలు గాలిలోనే నూలు తన బరువులో సుమారు 8 శాతము తేమను పట్టియుంచును. పాలియెస్టరు అరశాతమైనను పట్టదు. నీట మునిగిన నూలుగుడ్డ బరువెక్కి ఈదువారిని క్రిందికి లాగును. ఒంటికి అంటుకొని, ఏ దేహమును మరుగుపరచుటకు ధరింపబడినదో ఆ దేహమునే చెక్కిన బొమ్మవలె చూపును. వదులు అంగీ అయినచో నీటిలో గొడుగువలె విచ్చుకొని పైకి తేలును. నేలమీద మర్యాదయైన దుస్తు నీటిలో మర్యాదయు కాదు, క్షేమమును కాదు.

జానెటీ తేలికైన పాలియెస్టరు గుడ్డను ఎన్నుకొన్నది. కాళ్లకు లాగు, పైన తొడలవరకు వచ్చు చొక్కా, తలకు, మెడకు తొడుగు, చొక్కా నీటిలో పైకి లేవకుండ లోపలివైపున లాగుతో ముడివేయుటకు నాడాలు. ఆ నాడాలలోనే ఉన్నది ఆమె ప్రజ్ఞయంతయు. కుట్టిన దుస్తును మొదట ఇంటిలో స్నానపుతొట్టెలో పరీక్షించినది. తరువాత రోజ్‌లాండ్స్ అను పేటలోని ఈతకొలనుకు పోయి, దూకినచో తలకట్టు నిలుచునో లేదో అని దూకి చూచినది. నిలిచినది. నలుగురి నడుమ ఈదుట ఆమెకు జీవితమున అదియే మొదటిసారి. అప్పటికామె బిడ్డల తల్లి.

ఆ దుస్తునకు పెట్టిన పేరే తరువాతి కలహములకు బీజమైనది. బురఖా, బికినీ అను రెండు మాటలను అతికి జానెటీ దానిని 'బుర్కినీ' అన్నది. మన వ్యాకరణమున వైరిసమాసమని ఒకటున్నది. సంస్కృతపదమును తెలుగుపదముతో కూడని తీరున జతపరచుటకు ఆ పేరు. వైరిసమాసమునకు ఇంతకంటె మంచి ఉదాహరణమును ఏ పండితుడును చూపజాలడు. బురఖా, బికినీలకంటె పరమవైరులెవరు? చమత్కారమేమనగా, బుర్కినీలో బురఖాయు లేదు, బికినీయు లేదు. ముఖము తెరచియే ఉండును. కాళ్లు చేతులు కప్పియే ఉండును. చలిసముద్రములలో మునుగువారు ధరించు రబ్బరు దుస్తునకును దీనికిని పైకి చూచుటకు పెద్ద భేదము లేదు. కాని పేరు పలికినంతనే వినువారికి కన్నులయెదుట రెండు బొమ్మలు నిలుచును, దుస్తు కనబడదు.

ఆ రెండవ మాట చరిత్రయు విచిత్రమైనది. పసిఫిక్ మహాసముద్రమున బికినీ అను పగడపుదీవి ఉన్నది. 1946 జులై 1వ తేదీన అమెరికావారు అక్కడ అణుబాంబు పరీక్ష జరిపిరి. దీవివాసులను అంతకుముందే ఇల్లువాకిళ్లు విడిపించి వేరొక దీవికి తరలించిరి. నాలుగు దినముల తరువాత, జులై 5న, పారిస్ నగరమందలి ఒక ఈతకొలనువద్ద లూయీ రేఆర్ అను ఇంజనీరు రెండు పీలికల స్నానదుస్తును ప్రదర్శించి దానికి ఆ దీవిపేరు పెట్టినాడు. ఊరు కోల్పోయినవారి ఊరిపేరు లోకమందలి అంగళ్లలో వ్రేలాడినది. మాటల బ్రతుకులు ఇట్లే ఉండును.

2005 డిసెంబరు 11వ తేదీన సిడ్నీలోని క్రొనుల్లా సముద్రతీరమున వేలాదిమంది గుమిగూడి, అరబ్బులవలె కనబడినవారిపై పడి కొట్టిరి. సముద్రతీరము ఎవరిది అన్నదే అక్కడ తగవు. ఆస్ట్రేలియాలో తీరమున మునిగిపోవువారిని రక్షించు స్వచ్ఛందసేవకుల సంఘములకు గొప్ప గౌరవమున్నది. కొట్లాట తరువాత ఆ సంస్థ ఇతర దేశములనుండి వచ్చిన కుటుంబముల యువతీయువకులను శిక్షణకు ఆహ్వానించినది. లెబనీస్ కుటుంబమునకు చెందిన మక్కా లాలా అను యువతి చేరి, శిక్షణ ముగించి, 2007లో తీరరక్షకురాలైనది. రక్షకుల దుస్తులు ఎరుపు, పసుపు వన్నెలవి. ఆ రెండు వన్నెలలో జానెటీ ఆమెకు బుర్కినీ కుట్టి ఇచ్చినది. తీరమున మునుగుచున్నవానికి చేయందించునది ఏ దుస్తులోనున్నదో అడుగవలెనని తోచునా?

జానెటీకి ఐదేండ్లు ముందుగనే ఐరోపాలో మరియొక యువతి ఇదే చిక్కుముడిని విప్పబూనినది. నెదర్లాండ్సులోని ఐండ్‌హోవెన్ నగరమున డిజైన్ అకాడమీ ఉన్నది. అందు చదువుచుండిన సిండీ వాన్ డెన్ బ్రేమెన్ 1999లో తన పట్టపు పరీక్షకు ఎన్నుకొన్న విషయము వ్యాయామతరగతికి తగిన హిజాబ్. ఆమె ముస్లిం కాదు. ఆ రోజులలో అక్కడి పాఠశాలలలో తలగుడ్డ కట్టుకొన్న బాలికలను, క్షేమము కాదన్న కారణముచేత, వ్యాయామతరగతులకు రానీయకుండిరి. గుడ్డ తీయుమని బడి, తీయవద్దని ఇల్లు, నడుమ పిల్ల. బడిపంతుళ్లకు ఈ నడుమనున్న పిల్ల కొత్త కాదు. గుడ్డ వలదన్నవారితోను కావలెనన్నవారితోను వాదములు పెట్టుకొనక, సిండీ ఆ బాలికలనే కూర్చుండబెట్టుకొని, ఎక్కడ జారును, ఎక్కడ బిగియును అని అడిగి తెలిసికొన్నది. టెన్నిస్‌కు ఒకటి, స్కేటింగునకు ఒకటి, వ్యాయామమునకు ఒకటి, ఆరుబయట తిరుగుటకు ఒకటి, ఇట్లు నాలుగు తీరుల తొడుగులు రూపొందించినది. సూదులు లేవు, వ్రేలాడు కొసలు లేవు. క్షేమము కాదన్న ఆక్షేపణకు జవాబు కుట్టులోనే ఉన్నది. 2001 నాటికి అవి 'కాప్‌స్టర్స్' అను పేర అంగళ్లకు వచ్చినవి.

ఆక్షేపణ నిజముగా క్షేమమును గూర్చినదేనా, లేక క్షేమమను మాట చాటున మరియొకటి ఉన్నదా అని తేల్చుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. సాకు అయినచో, కుట్టు మారినను సాకు మారి నిలుచును. నిజమైన భయమైనచో మంచి కుట్టుతో తీరిపోవును. ఫుట్‌బాల్ చరిత్రలో రెండును కనబడును.

2007 ఫిబ్రవరిలో కెనడా దేశమందలి క్విబెక్ రాష్ట్రమున 11 ఏండ్ల బాలిక నొకతెను హిజాబ్ తీయనన్నందుకు ఆటనుండి బయటకు పంపిరి. మరుసటి నెలలో ఫుట్‌బాల్ నిబంధనలను నిర్ణయించు అంతర్జాతీయ మండలి ఆ నిర్ణయమును కాదనలేదు. అదే సంవత్సరమున, అదే రాష్ట్రమున, తైక్వాండో పోటీకి వచ్చిన ముస్లిం బాలికల జట్టును గూడ తలగుడ్డల కారణముగా పోటీ చేయనీయలేదు. మాంట్రియల్ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రూపకల్పన చదువుచుండిన ఎల్హామ్ సయ్యద్ జవాద్ ఆ వార్త చూచి, ఆటలకు తగిన తలతొడుగును తయారుచేయుటకు పూనుకొన్నది. వార్త చదివి నిట్టూర్చువారు పెక్కురు; కాగితము తీసి గీతలు గీయువారు అరుదు.

2011 జూన్‌లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హతపోటీ జరిగినది. ఇరాన్ మహిళల జట్టు ఆటస్థలమున నిలిచి జాతీయగీతము పాడినది. వారి తలతొడుగులు మెడను గూడ కప్పినందున ఆడరాదని అధికారి నిషేధించినాడు. ఆట ఆడకయే ఇరాన్ ఓడినట్లు తీర్పయినది. కన్నీటితో ఆటస్థలమున కూలబడిన ఆ క్రీడాకారిణుల ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినవి. మెడకు బిగిసి ప్రాణాపాయము కలుగవచ్చునని నాడు చెప్పిన కారణము.

జోర్డాన్ రాజకుమారుడు అలీ బిన్ హుస్సేన్ 2012లో నిబంధనల మండలి యెదుట సిండీ రూపొందించిన క్రొత్త తొడుగును ప్రదర్శించినాడు. దాని మెడవద్ద వెల్క్రో పట్టీ ఉన్నది. ఎవరైన లాగినచో బిగియుటకు మారుగా చప్పున ఊడిపోవును. తొడుగు ఊడి చేతికి వచ్చును, మెడ క్షేమము. వెల్క్రోకు మారుగా అయస్కాంతములు అమర్చిన మరియొక తీరును పరీక్షకు వచ్చినది. 2012 జులైలో మండలి ప్రయోగముగా అనుమతించినది. రెండేండ్లు చూచి, ఒక్క ప్రమాదమును కనబడకపోవుటచేత 2014 మార్చిలో నిబంధనలలో చేర్చినది. అనుమతి స్త్రీలకే కాదు, పురుషులకును వర్తించునట్లు చేసిరి; తలపాగ కట్టు సిక్కు క్రీడాకారులకును దీనివలన మేలు కలిగినది. ఒక పిల్లకు తెరచిన తలుపునుండి ఎవరెవరు లోపలికి వత్తురో ముందుగా చెప్పలేము. బాస్కెట్‌బాల్ అంతర్జాతీయ సంస్థ 2017లో ఇట్టి మార్పే చేసినది. మహిళల బాక్సింగునందు 2019లో అనుమతి లభించినది.

ఇంతవరకు చేసినది ఇద్దరు ముగ్గురు స్త్రీల కుట్టుపని. ఆ వెనుక పెద్ద వర్తకులు వచ్చిరి. 2017లో నైకీ సంస్థ ఆటల హిజాబ్‌ను ప్రకటించినది. అరబ్ ఎమిరేట్సునకు చెందిన మంచుస్కేటింగు క్రీడాకారిణి జహ్రా లారీ దాని ప్రచారచిత్రములలో కనబడినది. 2018లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డి యంగ్ మ్యూజియము సమకాలిక ముస్లిం వస్త్రరీతులను గూర్చి ప్రత్యేక ప్రదర్శనము ఏర్పాటు చేసినది. లండనులోను, ఇస్తాంబుల్‌లోను, జకార్తాలోను హుందాదుస్తుల ప్రదర్శనములు జరుగుట పరిపాటి అయినది. మన హైదరాబాదున చార్మినార్ పరిసరముల అంగళ్లలో గూడ నల్లని బురఖాల ప్రక్కన రంగురంగుల అల్లికపని అబాయాలు వ్రేలాడుచున్నవి.

వర్తకుడు వచ్చినచోట మేలును కీడును కలిసియే వచ్చును. సోమాలీ కుటుంబమున, కెన్యాలోని శరణార్థి శిబిరమున పుట్టిన హలీమా ఏడెన్ అమెరికాకు చేరి, 2016లో మిన్నెసోటా రాష్ట్రపు అందాలపోటీలో హిజాబ్‌తోను, స్నానదుస్తుల ఘట్టమున బుర్కినీతోను పాల్గొన్నది. వెంటనే ప్రసిద్ధ పత్రికల ముఖచిత్రములకు ఎక్కినది. 2020 నవంబరులో ఆ వృత్తినే విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించినది. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క విధముగా తన హిజాబ్ మారిపోయినదనియు, చివరకు అది తనది కాకుండపోయినదనియు ఆమె బాధ. కొన్ని చిత్రములలో తలగుడ్డకు మారుగా జీన్సు గుడ్డను చుట్టిరట. జానెటీ పిల్లనడిగి గుడ్డ కత్తిరించినది. ఇక్కడ గుడ్డకు తగినట్లు పిల్లను కత్తిరించిరి.

ఇక ఫ్రాన్సు. 2016 జులై 14న నీస్ నగరమున ఒక దుండగుడు లారీతో జనసమూహముపై పడి 86 మందిని చంపినాడు. దేశము దుఃఖమునను భయమునను మునిగియున్నది. ఆ నెలాఖరున కాన్ నగరాధ్యక్షుడు సముద్రతీరమున బుర్కినీని నిషేధించినాడు. నీస్‌తో సహా ఇంచుమించు 30 పట్టణములు అనుసరించినవి. ఆగస్టులో నీస్ తీరమున ఆయుధములు ధరించిన పోలీసులు చుట్టు నిలువబడియుండగా ఒక స్త్రీ తన పైచొక్కాను తీయుచున్న ఛాయాచిత్రము లోకమంతట వ్యాపించినది. ఆమె ధరించినది బుర్కినీ కూడ కాదు. తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా మాత్రమే. ఆగస్టు 26న ఆ దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానము విల్‌నూవ్ లూబే పట్టణపు నిషేధమును నిలిపివేసి, శాంతిభద్రతలకు భంగము కలుగునని రుజువు లేనిదే వ్యక్తిస్వాతంత్ర్యమును అరికట్టరాదని తీర్పు చెప్పినది. 2022లో గ్రెనోబుల్ పురపాలకసంఘము తన ఈతకొలనులలో బుర్కినీని అనుమతింపబోగా, అదే న్యాయస్థానము ఒక మతమువారికై నిబంధనను సడలింపరాదని ఆపివేసినది. సముద్రమున ఒక న్యాయము, కొలనున ఒక న్యాయము. రెండు తీర్పులకును చట్టమున ఆధారములున్నవి. చదువరి రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును.

నిషేధించినవారి వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. దేహమును కప్పుకొనవలసిన భారమంతయు స్త్రీపైననే ఎందుకు పడవలెనని ఫ్రెంచి స్త్రీవాదులు పలువురు అడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు దర్జీ చెప్పలేదు. ఇరాన్‌లో 1983 నుండి తలగుడ్డ చట్టము చేసిన నిర్బంధము. 2022 సెప్టెంబరులో, తలగుడ్డ సరిగా లేదని పట్టుబడిన 22 ఏండ్ల మహ్సా అమీనీ నిర్బంధములో ఉండగనే ప్రాణము కోల్పోయినది. దేశమంతట స్త్రీలు వీధులకు వచ్చి తలగుడ్డలు కాల్చిరి. మరుసటి నెలలో సియోల్ నగరమున జరిగిన పోటీలో ఇరాన్ పర్వతారోహణ క్రీడాకారిణి ఎల్నాజ్ రెకాబీ తలగుడ్డ లేకయే గోడనెక్కినది. ఒకచోట కట్టుకొన్నందుకు దండన, మరియొకచోట కట్టుకొననందుకు దండన. సిండీ తొడుగు గాని జానెటీ దుస్తు గాని నిర్బంధముగా తొడిగించినచో అది ఎంత తేలిక గుడ్డయైనను బరువే.

సంప్రదాయవాదులును ఊరకుండలేదు. నీటిలో తడిసిన బుర్కినీ దేహరేఖలను చూపుననియు, అసలు స్త్రీపురుషులు కలిసియుండు తీరమునకు పోవుటయే తగదనియు కొందరు మతపెద్దలు ఆక్షేపించిరి. ఒకరికి అది మరీ ఎక్కువ, ఒకరికి మరీ తక్కువ. కొన్నవారు మాత్రము పలువిధములవారు. హిందువులు, యూదులు, క్రైస్తవులు, ఎండ సోకరాని చర్మవ్యాధిగ్రస్తులు, దేహమును చూపుటకు ఇష్టపడని వృద్ధస్త్రీలు. కొందరు పురుషులును అడిగినారని జానెటీ చెప్పినది.

తెలుగునాట ఈ చిక్కు లేదనుకొనరాదు. 2005లో హైదరాబాదు టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా ఆటదుస్తులపై కొందరు మతపెద్దలు ఆక్షేపణ తెలిపిరి. నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ బాక్సింగు నేర్చుకొను రోజులలో పొట్టిలాగు వేసికొనుటను గూర్చి చుట్టుప్రక్కలవారు నానామాటలనిరి. తండ్రి వెనుక నిలిచినాడు. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచవిజేత అయినది. ఈ ఇద్దరును హిజాబ్ లేకయే ఆడినవారు. అదియును వారి యిష్టమే. కాని విజేతల కథలు చదువుకొని సంతోషించుటతో పని తీరదు. ఏ మతమువారైనను, తొక్కుడుబిళ్ల ఆడిన పిల్ల పెద్దమనిషి అయిన మరునాటినుండి ఆటస్థలమునకు దూరమగుట మన ఊళ్లలో ఎన్ని యిండ్ల సంగతి! ఓణీ జారునని కొందరు, నలుగురు చూతురని కొందరు, ఏమియు చెప్పకయే కొందరు. ఆటల పీరియడులో చెట్టునీడను కూర్చుండి తోటివారి పుస్తకములకు కాపలా కాయు పిల్లలు ప్రతి పాఠశాలలోను ఉందురు. వారిలో ఎందరిని దుస్తులు ఆపినవి, ఎందరిని ఇల్లు ఆపినది, ఎందరు తమంతట తామే ఆగిపోయిరి అన్నది అడిగిననే తెలియును. సిండీ చేసినది అదియే; అడిగినది.

2023లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పోటీలు ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములందు జరిగినవి. జులై 30న అడిలైడ్ నగరమున మొరాకో జట్టు దక్షిణకొరియాతో తలపడినది. మొరాకో రక్షణపంక్తిలో నూహైలా బెంజీనా తలకు తెల్లని తొడుగుతో నిలిచినది. మహిళల ప్రపంచకప్పులో హిజాబ్ ధరించి ఆడిన మొదటి క్రీడాకారిణి ఆమె. మొరాకో 1-0తో గెలిచినది. ప్రపంచకప్పులో ఆ దేశపు స్త్రీలకు అది మొదటి గెలుపు. తరువాత కొలంబియాను గూడ ఓడించి తరువాతి దశకు చేరినది.

ఆ దశలో వారికి ఎదురుపడినది ఫ్రాన్సు. ఆగస్టు 8న, అదే అడిలైడ్‌లో. ఆ ఆటకు ఆరు వారముల ముందు, జూన్ 29న, ఫ్రెంచి న్యాయస్థానము తమ దేశపు పోటీలలో హిజాబ్‌ను నిషేధించు హక్కు ఫ్రెంచి ఫుట్‌బాల్ సంఘమునకు కలదని తీర్పు చెప్పియుండెను. ప్రపంచకప్పు నిబంధనలు వేరు కనుక మొరాకో పిల్లలు తమ యిష్టము వచ్చిన తలతో ఆటస్థలమునకు రావచ్చును. ఫ్రాన్సు 4-0తో గెలిచినది. ఆట ముగిసినపిమ్మట ఫ్రాన్సులో ఏదేని చిన్న ఊరి జట్టులో చేరి ఆదివారపు పోటీ ఆడెదనని ఆ మొరాకో క్రీడాకారిణి వెళ్లియుండినచో, తలతొడుగు తీయనిదే ఆమెను గీత దాటనిచ్చెడివారు కారు.